జాబితాలో లేని రాళ్లు

సుభానీ మాస్టారికి ఒక అలవాటు ఉంది. రోడ్డు మీద ఎక్కడైనా రాళ్లు కనబడితే బండి ఆపించి దిగుతారు. చెడిపోయి ఆగిన లారీల వాళ్లు చక్రాలకు అడ్డంగానో, వెనక వచ్చే బండ్లకు గుర్తుగానో పెట్టుకునే రాళ్లవి. లారీ బాగయ్యాక మనిషి ఎక్కి వెళ్లిపోతాడు, రాళ్లు తారు మీదే ఉండిపోతాయి. మాస్టారు వాటిని ఒక్కొక్కటే కాలితో దొర్లించి పక్కకు చేర్చి, చేతులు దులుపుకుని, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చుంటారు. నలభై ఏళ్లు లారీ తోలి, ఇప్పుడు రాజమండ్రి లాలాచెరువు దగ్గర డ్రైవింగ్ నేర్పుతున్న మనిషి. మోకాళ్ల నొప్పులు. అయినా దిగుతారు. ఎందుకో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. చాటున మాత్రం 'రాళ్ల మాస్టారు' అనుకునేవాళ్లం. ఆ పేరు పెట్టింది నేనే. ఒప్పుకోవలసిన వాటిలో ఇది మొదటిది.

రెండోది నా రిజిస్టరు. మాస్టారు నాకు నేర్పింది బండి నడపడం ఒక్కటే. మిగిలినవన్నీ, ఇంజను విప్పడం, వీసా ఫారాలు నింపడం, రష్యన్‌లో మంచినీళ్లు అడగడం, నాకు నేనే నేర్చుకున్నాను. ఆ సంగతి ఎదుటివాళ్లు అడగకముందే చెబుతాను కూడా. పాత వ్యానొకటి కొని, రాజమండ్రి నుంచి ఇస్తాంబుల్ దాకా రోడ్డు మీదే వెళ్లాలని రెండేళ్లు కూర్చుని పథకం వేశాను. నేపాల్, చైనా, కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్, రష్యా, జార్జియా, తుర్కియే. ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలి, ఏ కనుమ ఏ నెలలో మంచుతో మూసుకుపోతుంది, ఏ సరిహద్దులో భోజనాల వేళ గేటు వేస్తారు, అన్నీ ఆ రిజిస్టరులో ఉన్నాయి. ప్రతి వంద కిలోమీటర్లకూ ఒక పేరు కూడా ఉంది, ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలో. మెకానిక్కో, హోటలాయనో, ఇంటర్నెట్‌లో పరిచయమైన ఎవరో ఒకరు. కజకిస్తాన్‌లో ఒక ఎడారి దారికి మాత్రం, నాలుగు వందల కిలోమీటర్లకు, ఒక్క పేరూ దొరకలేదు. ఆ పేజీ ఖాళీ.

చైనాలో మన బండి నడపాలంటే అక్కడి గైడు ముందే కుదరాలి. వస్తున్నానో లేదో శనివారంలోగా చెప్పకపోతే నా తేదీ ఇంకొకరికి పోతుంది, ఆ ఏడాదికి ప్రయాణం లేనట్టే. గురువారం వచ్చినా నేను చెప్పలేదు. ఖాళీ పేజీతో గుమ్మం దాటడం నా వల్ల కాలేదు.

ఆ గురువారమే సామాను మొత్తం ఎక్కించి, పరీక్షగా, మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని మారేడుమిల్లి ఘాట్ ఎక్కాను. ఎక్కుతూ అడిగాను.

"మాస్టారూ, మనవాళ్లంటూ ఎవరూ లేని దారిలో ఎవరి మీద ఆధారపడాలి? ఆ పేజీలో ఎవరి పేరు రాయమంటారు?"

"టీ తాగాక చెబుతాలే," అన్నారాయన, కిటికీలోంచి అడవిని చూస్తూ.

ఇంకో నాలుగు మలుపులకు టైరు పంక్చరైంది. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే వేసింది. ఇంటి ముందు ముప్పైసార్లు సాధన చేసిన పని అది. "మీరు దిగి అలా కూర్చోండి మాస్టారూ, ఇరవై రెండు నిమిషాలు," అన్నాను. ఆయన ముందున్న పిట్టగోడ మీద లోయ వైపు తిరిగి కూర్చున్నారు. చక్రాలకు రెండు రాళ్లు అడ్డం పెట్టాను. వెనక మలుపులో ఎర్ర త్రికోణం బోర్డు నిలబెట్టి, గాలికి పడకుండా మూడు రాళ్లు ఆనించాను. పంతొమ్మిది నిమిషాల్లో పని పూర్తయింది. బోర్డు మడిచి సంచిలో పెట్టి, హారన్ కొట్టి మాస్టారిని పిలిచాను.

పదకొండు కిలోమీటర్ల తరవాత టీ కొట్టు వచ్చింది. గ్లాసులు చేతికొచ్చాక, మెప్పు కోసమే, రిజిస్టరులోని సామాను జాబితా పైకి చదవడం మొదలుపెట్టాను.

"జాకీ, ఉంది. స్పానరు, ఉంది. ఎర్ర త్రికోణం, ఉంది. ముప్పై ఏడు వస్తువులు మాస్టారూ, ఒక్కటీ తప్పిపోలేదు."

"ఘాట్‌లో గాలి గట్టిగానే ఉంది. ఆ బోర్డు ఎలా నిలబెట్టావు?"

"రాళ్లు ఆనించాను."

ఆయన నా వైపు చూశారు. నేను గ్లాసు వైపు చూశాను.

"అవి... జాబితాలో లేవు మాస్టారూ."

ఆయన టీ సగంలో వదిలేసి లేవడం అదే మొదటిసారి చూశాను.

బండి తిప్పి ఘాట్ దిగుతుంటే ఎదురొచ్చిన ప్రతి మోటారుసైకిలునూ చూసి, అమ్మయ్య, వీళ్లు క్షేమం, అనుకునేదాన్ని. క్షేమంగా లేనివాళ్లు ఎదురురారని మరుక్షణమే తట్టేది. మాస్టారు తిట్టి ఉంటే బాగుండేది.

మలుపులో రోడ్డు శుభ్రంగా ఉంది. నాలుగు రాళ్లు పిట్టగోడ వారన వరసగా ఉన్నాయి. అన్నింటికన్నా పెద్దదైన ఐదోదాని మీద, కొండచీపుర్ల మోపు పక్కన పెట్టుకుని, ఒక పెద్దావిడ దర్జాగా కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, ఇక్కడ రోడ్డు మీద రాళ్లుండాలి," అన్నాను ఆయాసపడుతూ.

"ఉండాలా? ఎందుకుండాలి? ఎవడో మతిలేనోడు నడిరోడ్డు మీద పరిచి పోయాడు, వాడి చేతులు పడిపోను! పెట్టేటప్పుడున్న ఓపిక తీసేటప్పుడు ఎక్కడికి పోద్దో ఈ మగోళ్లకి."

"మగవాడు కాదు పెద్దమ్మా. నేనే."

ఆవిడ నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది. తరవాత మాస్టారి వైపు తిరిగింది.

"ఈ పిల్లకి బండి నేర్పింది నువ్వేనా? ఎక్కడం నేర్పినోడివి, దిగడం నేర్పొద్దా?"

"నేనేనమ్మా. తప్పు నాదే," అన్నారు మాస్టారు తల వంచి. గడ్డం కింద నవ్వు దాగలేదు.

"ఇంత బరువువి ఒక్కదానివే తీశావా? నీవాళ్లెవరైనా ఈ దారిన వస్తున్నారా?" అని అడిగాను.

"మావోళ్లకి బళ్లెక్కడివే? గంట నుంచి బస్సుకే దిక్కులేదు."

"మరి ఎవరి కోసం తీశావు?"

ఆవిడకు ప్రశ్న అర్థం కాలేదు. నేనేదో తమాషాగా అడుగుతున్నానేమోనని మాస్టారి మొహం చూసింది.

"ఎవరికోసమేటి? బళ్లొస్తాయిగా!"

ఎక్కమన్నాం. "మళ్లీ టైరు ఊడదు గదా?" అంటూనే ఎక్కి, ఇస్తాంబుల్ సామాను మీద కూర్చుంది. నేను రిజిస్టరు తీసి పేరు చెప్పమన్నాను. "పేరెందుకే? పోలీసోళ్లకి చెబుతావా, రాళ్లు తీసిందని?" అని పకపకా నవ్వింది. ఎంత అడిగినా చెప్పలేదు. టీ కొట్టు ముందు దిగుతూ ఒక చీపురు బండిలో పడేసి, "లోపలంతా దుమ్మే, ఊడ్చుకో," అని వెళ్లిపోయింది. అది ముప్పై ఎనిమిదో వస్తువు.

టీ మళ్లీ వేడిగా వచ్చింది. ఫోన్‌లో సిగ్నల్ రెండు గీతలు చూపిస్తోంది. గైడుకి 'వస్తున్నాను' అని మెసేజ్ పంపేశాను. రిజిస్టరులో ఆ పేజీ తెరిచే ఉంది, తెల్లగానే ఉంది.

"మాస్టారూ, టీ అయిపోవచ్చింది. నా ప్రశ్నకు జవాబు చెబుతానన్నారు," అని గుర్తుచేశాను.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచారు.

"ఆ ఎడారిలో రోడ్డు మీద రాళ్లు కనబడితే, దిగమ్మా."