తెడ్డుకు పడ్డ శిక్ష

ఆ లంకలో ఆడవాళ్లని మనుషులెవరూ కొట్టరు. వస్తువులు కొడతాయి.

ఒకావిడకి తలుపు రెక్క తగిలి కన్ను వాస్తుంది. ఇంకొకావిడ గడప తట్టుకుని పడుతుంది. పడ్డాక చూస్తే వీపు మీద ఐదు గీతలు, అచ్చం వేళ్లలాగా. గడపకి వేళ్లుంటాయా అని మీరు అడగొచ్చు. ఆ లంకలో ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ అడగను.

అలాగని ఆ లంకలో న్యాయం లేదనుకోకండి. ఏ ఇంట్లో దెబ్బ కనబడినా మర్నాడు పొద్దున్నే రేవులో డప్పు మోగుతుంది. నీళ్ల పక్కనే చావడి. మగవాళ్లు అందులో చాపలు పరుచుకుని వరసగా కూర్చుంటారు. ఆడవాళ్లు వాళ్ల వెనక, ఎండలో నిలబడతారు. చావడి పెద్ద అందరికీ ముందు, రేవు గుంజ దగ్గర కూర్చుంటాడు. తెల్ల మీసాలు, మెత్తటి గొంతు. ఎవరినీ ఒక్క మాట అనలేడు. నిజంగానే మంచివాడు.

"ఏం తగిలింది?" అని భర్తని అడుగుతాడు పెద్ద. అసలే దెబ్బ తిని ఉంది, ఇంకా మాటలతో ఏం ఇబ్బంది పెడతామని భార్యని మాత్రం ఏమీ అడగరు. అదొక మర్యాద. భర్త ఓ వస్తువు పేరు చెబుతాడు. దాన్ని ఊడబెరికి తెచ్చి చాప మీద పెడతారు. పెద్ద దాన్ని బాగా మందలిస్తాడు. తర్వాత శిక్ష. శిక్ష ఎప్పుడూ ఒకటే, పాయ అవతల ఉన్న ఇసుక తిప్పకి పంపించెయ్యడం.

లంకలో ఉన్నది ఒకే పడవ, ఒకే తెడ్డు. రేవు గుంజ మీద ఒక గీత ఉంటుంది. పోటు నీళ్లు ఆ గీత దాకా దిగేలోపు పడవవాడు దోషిని తిప్ప మీద దింపేసి రావాలి. దిగిపోతే శిక్ష చెల్లదు. వస్తువు దాని ఇంటికి వెళ్తుంది. మనిషీ వెళ్తుంది, అదే ఇంటికి.

ఇలా ఏళ్లు గడిచాయి. లంకలో ఏ ఇంటికీ తలుపు లేకుండా పోయింది. గడపలు, చెక్క మెట్లు, రోకళ్లు, కత్తిపీటలు, మంచాలు, చివరికి కొయ్య చెక్కే బాడిసతో సహా అన్నీ తిప్ప మీద శిక్ష అనుభవిస్తున్నాయి. లంకలో జనం నేల మీద పడుకుంటున్నారు. దెబ్బలు మాత్రం తగ్గలేదు.

పెద్దకి అర్థం కానిది ఇదే. దుర్మార్గపు వస్తువులన్నిటినీ పంపించేశాం కదా, ఇక మిగిలినవి మంచివే అయ్యుండాలి కదా అని మీసం దువ్వుకుంటూ తనలో తను లెక్కలు వేసుకునేవాడు. ఇంకా దెబ్బలు తగులుతున్నాయంటే మంచి వస్తువులు కూడా చెడిపోతున్నట్టే. ఎందుకు చెడిపోతున్నాయి? ఉప్పుగాలి వల్లా? ఎంత ఆలోచించినా తలనొప్పి తప్ప ఏమీ తేలేది కాదు. పాపం, ఆ తలనొప్పి మాత్రం ఏ వస్తువూ తగలకుండానే వచ్చేది.

ఒకరోజు పడవవాడి భార్యకి నుదురు చిట్లింది.

పక్కింటి వలలు అల్లే పిల్ల పరుగున వచ్చి, పసుపు అద్ది గుడ్డ కట్టింది. ఆ పిల్లకి పెళ్లయి ఆరు నెలలు. కట్టు కడుతూ ఇల్లంతా కలయజూసి, "ఈసారి మామ ఏం చెబుతాడో అత్తా? మీ ఇంట్లో ఇంకేం మిగల్లేదుగా," అంది. నిజమే. ఆ ఇంటి తలుపూ, రోకలీ, రెండు పీటలూ ఎప్పుడో తిప్ప చేరిపోయాయి.

చావడిలో పడవవాడికి కూడా ఆ సంగతే గుర్తొచ్చింది. బుర్ర గోక్కున్నాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. చివరికి, "తెడ్డండి," అన్నాడు.

తెడ్డుని పెద్ద మందలించి తిప్ప శిక్ష వేశాడు. వేశాక గానీ చిక్కు తెలిసిరాలేదు.

తెడ్డుని తిప్పకి చేర్చాలంటే తెడ్డే కావాలి. చేర్చి అక్కడ వదిలేస్తే వెనక్కి రావడానికి తెడ్డు ఉండదు. వెనక్కి తెచ్చేస్తే శిక్ష ఉండదు. ఈదుకుంటూ రావచ్చుగా అని ఒకడు అన్నాడు. అయితే నువ్వే వెళ్లమంటే తనకి చెవిపోటని గుర్తుచేసుకున్నాడు. గెడ వేసుకుంటూ రావచ్చన్నాడు ఇంకొకడు. పాయ నడుమ గెడకి అడుగు అందదని వాడికీ తెలుసు. కొత్త తెడ్డు చెక్కుకుందామంటే బాడిస తిప్ప మీద ఉంది. పడవవాడు ఎందుకైనా మంచిదని తనకి నడుం పట్టేసిందని ముందే చెప్పి పెట్టాడు.

పడవవాడి భార్య ఎండలో నిలబడి, వాళ్ల తలల మీదుగా రేవు గుంజ కేసి చూస్తోంది. నీళ్లు గీత దాకా దిగిపోతే తెడ్డు ఇంటికి వస్తుంది. ఎప్పటిలాగే మూలకి చేరుతుంది, పడవవాడి చేతికి అందేంత దూరంలో.

"నేను తీసుకెళ్తానండి," అంది.

చాపలన్నీ ఒక్కసారి కదిలాయి. ఆ లంకలో ఆడవాళ్లు తెడ్డు ముట్టుకోరు. ముట్టుకుంటే పాయకి కోపం వస్తుందట. ఆ మాట పాయ ఎవరితో చెప్పిందో తెలీదు.

కళ్లు మూసుకుని ఆలోచించాడు పెద్ద. తెరిచి, "శిక్ష పడ్డాక అది తెడ్డు కాదు. దోషి. దోషిని ఆడమనిషి పట్టుకుంటే తప్పులేదు," అన్నాడు. చిక్కు విడిపోయిందని అందరూ తలలూపారు. అంతమంది ఒకేసారి తలలూపేసరికి పెద్దకి హుషారొచ్చి ఇంకో మాట చేర్చాడు. "మగవాడు మాత్రం ఇక దాన్ని ముట్టుకోకూడదు. మగవాడి చేతిలో పడిందంటే మళ్లీ తెడ్డు అయిపోతుంది. అప్పుడు మన తీర్పు ఏం కావాలి?"

ఆహా అన్నారు. అంత బాగా కుదిరిన తీర్పు ఈమధ్య రాలేదన్నారు. ఆ సంబరంలో ఈవిడ తిరిగొస్తుందా రాదా అని అడగడం మర్చిపోయారు. ఆవిడా గుర్తు చెయ్యలేదు.

పడవ పాయ నడుమకి వచ్చాక తెడ్డు నోరు విప్పింది.

"నీ నుదుటికి తగిలింది నేనే."

"తెలుసు."

"నా అంతట నేను లేవలేదు."

"అదీ తెలుసు."

"మరి చావడిలో చెప్పలేదేం?"

"నన్ను అడగలేదు. నిన్నూ అడగలేదు."

తెడ్డు ఒకసారి నీళ్లలో మునిగి తేలింది. "అయితే మనిద్దరం ఒకటే," అంది.

"ఒకటెలా అవుతాం? నీకు కూర్చోడానికి చాప వేశారు," అంది ఆవిడ.

తిప్ప మీద తలుపులు వెల్లకిలా పడి ఆకాశం చూస్తున్నాయి. రోకళ్లు ఇసుకలో సగం కూరుకుపోయాయి. ఇంత దుర్మార్గుల గుంపులోకి వచ్చానేమిటా అని ఆవిడ ముందు కొంచెం బెదిరింది. ఏ పక్కనుంచి ఏది లేస్తుందోనని కాసేపు కదలకుండా నిలబడింది. ఏదీ లేవలేదు. మెల్లిగా ఒక తలుపుని కాలితో కదిపింది. అది కదిలి ఊరుకుంది.

సాయంత్రానికి నాలుగు తలుపులు నిలబెట్టి గోడలు చేసింది. ఒక గడప వేసింది. ఐదో తలుపుని తలుపుగానే పెట్టి, గడియ లోపలివైపు వచ్చేలా బిగించింది. గడియ వేసి చూసింది. తీసి చూసింది. మళ్లీ వేసింది. అలా ఎన్నిసార్లు వేసి తీసిందో గడియకే విసుగొచ్చి ఉంటుంది. మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చేదాకా మంచం మీద నిద్రపోయింది.

ఇవతల ఒడ్డు నుంచి లంక జనం రోజూ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవారు. ఇంతమంది దోషుల మధ్య ఒంటరి ఆడమనిషి, ఎన్ని దెబ్బలు తింటోందోనని జాలిపడేవారు. ఆవిడేమో చేపలు ఎండబెట్టుకుంటూ, ఉతికిన చీర రోకళ్ల మీద ఆరేసుకుంటూ తిరుగుతోంది. పది రోజులకి నుదుటి కట్టు కూడా తీసేసింది. పెద్దకి తలనొప్పి ఎక్కువైంది. అంతటి దోషులు మంచివాళ్లు ఎలా అయిపోయారు? ఇదంతా తిప్ప ఇసుకలో ఉన్న మహత్యమేమో, నాలుగు తట్టలు తెప్పించి ఇంటింటికీ చల్లిస్తే ఎలా ఉంటుంది? తెప్పించడానికి పడవ లేదని తర్వాత గుర్తొచ్చింది.

నెల తిరిగింది. మళ్లీ డప్పు మోగింది.

ఈసారి వలలు అల్లే పిల్ల. కుడిచెయ్యి మెడకి కట్టి ఉంది. పెద్ద అడగ్గానే ఆమె మొగుడు, "గోడండి," అన్నాడు. ఆ ఇంట్లో ఇక మిగిలింది గోడలే మరి.

గోడని తెమ్మనబోయి పెద్ద ఆగిపోయాడు. గోడని ఎలా తెస్తారు? తెచ్చినా ఎలా పంపుతారు? మెల్లిగా ఒక్కొక్కరూ తమకి తోచింది చెప్పారు. గోడని అక్కడే ఉంచి ఇంటినే తిప్ప అనుకుంటే సరి అన్నాడొకడు. అప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్లందరికీ శిక్ష పడ్డట్టే కదా అన్నాడు ఇంకొకడు. అందరికీ కాదు, ఒక్కళ్లకే అని ఎవరికైనా తోచిందో లేదో. నీళ్లు గీత వైపు దిగుతున్నాయి. పిల్ల వెనక ఎండలో నిలబడి చూస్తోంది. దిగిపోతే తను ఆ గోడ దగ్గరికే వెళ్లాలి. ఈసారి ఎడమచెయ్యి.

అంతలో రేవులో పడవ ఆగింది.

"డప్పు వినబడిందండి. దోషిని ఎక్కించండి, పట్టుకుపోతాను," అంది పడవవాడి భార్య.

పడవవాడు ఒక్క గెంతు గెంతి తెడ్డు మీదికి చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది. పెద్ద గట్టిగా దగ్గాడు.

"పట్టుకోండి. తీర్పు పోతుంది, అంతేగా," అంది భార్య.

చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది. పడవవాడు పోయి తన చాప మీద కూర్చున్నాడు.

దోషి గోడ అని తెలిసి ఆవిడ పడవ కేసి చూసుకుంది. గోడ ఇందులో పట్టదంది. మేమూ దాని గురించే ఆలోచిస్తున్నామని పెద్ద ఒప్పుకున్నాడు. దెబ్బ తిన్నదాన్ని చావడి అడగకూడదు సరే, పడవ అడిగితే తప్పా అని ఆవిడ అడిగింది. పడవ గురించి పెద్దలెవరూ ఏమీ చెప్పి పోలేదు. పెద్ద ఎంత వెతుక్కున్నా అడ్డు చెప్పడానికి ఏమీ దొరకలేదు.

ఆవిడ పడవలోంచే, మగవాళ్ల వరసలన్నీ దాటేలా గొంతు పెంచింది.

"ఏమే పిల్లా, నీకు ఏం తగిలింది?"

ఆ చావడిలో ఒక ఆడమనిషిని ఆ మాట అడగడం ఎప్పుడూ లేదు. పిల్ల నోరు తెరిచింది. మూసింది. తర్వాత బాగున్న ఎడమచెయ్యి ఎత్తి, వేలు తిన్నగా ముందుకి చాపింది.

వేలికి ఎదురుగా అన్నిటికన్నా దగ్గరి చాప మీద ఉన్నది ఆమె మొగుడు. అతను చాపతో సహా పక్కకి జరిగాడు. వేలు ఇప్పుడు అతని ముందు వరసలో ఉన్నవాడి మీద పడింది. వాడూ జరిగాడు. ఆ ముందున్న చెవిపోటువాడు జరిగాడు. గెడవాడు జరిగాడు. పడవవాడు నడుం పట్టేసినవాడిలా కాకుండా చటుక్కున జరిగాడు. జరగమని ఎవరూ అనలేదు. చివరికి వేలికి ఎదురుగా పెద్ద ఒక్కడే మిగిలాడు. పెద్ద అటూ ఇటూ చూసి, చాప అంచు పట్టుకుని, తనూ జరిగాడు.

ఇప్పుడు వేలికి ఎదురుగా ఎవరూ లేరు. మగవాళ్లు రెండు పక్కలా సర్దుకుని కూర్చున్నారు. నడుమ ఖాళీ నేల, దాని చివర రేవు గుంజ, గుంజకి కట్టిన పడవ.

పిల్ల చెయ్యి దించలేదు. చాపిన వేలు చాపినట్టే ఉంచి, అది చూపించిన చోటికి నడిచింది. పడవవాడి భార్య బల్ల మీద కొంచెం జరిగి చోటిచ్చింది. తెడ్డు నీళ్లలో పడింది.

పడవ దూరమయ్యాక గానీ పెద్ద తేరుకోలేదు. "అవునూ, మనమంతా ఎందుకు జరిగాం?" అని అడిగాడు. నిజంగా తెలియకే అడిగాడు. ఈ పక్క ఉన్నవాళ్లు ఆ పక్క ఉన్నవాళ్ల కేసి చూశారు. ఆ పక్కవాళ్లు చాపల కేసి చూసుకున్నారు.

మళ్లీ నడుమకి వచ్చి కూర్చోడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. దారి అలాగే ఉండిపోయింది. వెనక ఎండలో నిలబడ్డ ఆడవాళ్లు దాని కేసే చూస్తున్నారు.

రేవు గుంజ మీద నీళ్లు గీతకి ఇంకా జానెడు పైనే ఉన్నాయి.