చెవులమ్మ కట్టిన క్యారేజీ

కొండ దిగువ అడవిలో తాబేలు పంతులు బడి నడిపేది. చెవులమ్మ అనే కుందేలు తన ఒక్కగానొక్క కూతురు దూదిని అందులో చేర్చింది. బడి తెల్లవారగానే మొదలు. చెవులమ్మ మంచు ఆరాక గరిక కోసి క్యారేజీ కట్టేసరికి మధ్యాహ్నమయ్యేది. "నేనూ రోజూ అటేగా పోయేది, ఇటివ్వు చెల్లెమ్మా," అంటూ నక్క ముందుకొచ్చింది.

మొదటి రోజే మూత తీసి ముఖం చిట్లించింది.

"గరికేనా? అందరూ రోజుకో రకం తెచ్చుకుంటుంటే మన దూది తల దించుకోదూ? వెరైటీగా పెట్టమ్మా. తేనె, రేగుపళ్ళు, చెరుకు..."

"అవన్నీ చాలా దూరం కదన్నా!"

"పిల్లకంటే ఎక్కువా నీ కాళ్ళు?"

ఆ మాట తల్లికి గుచ్చుకుంది. అప్పట్నుంచి ముళ్ళల్లో పడి, తోటల్లో దూరి రోజుకో రుచి తెచ్చి మోదుగాకులో అందంగా సర్ది పంపేది. సాయంత్రం నక్క తెచ్చిచ్చే గిన్నె నున్నగా నాకినట్టుండేది. చెవులమ్మ మురిసిపోయేది. పిల్ల డొక్కలు లోపలికి పోతుంటే చదువు భారమనుకుంది. పిచ్చితల్లి, ఒక్కసారైనా "ఏం తిన్నావే?" అని అడగలేదు.

ఒకరోజు బడి దగ్గరికి వేటకుక్కలొచ్చాయి. అందరూ పరుగు తీశారు. దూది నాలుగు గంతులేసి కూలబడింది. జింకపిల్ల పొదలోకి లాగబట్టి బతికింది.

ఆ మర్నాడు చెవులమ్మ కాల్లో రేగుముల్లు దిగింది. కదల్లేక, సిగ్గుపడుతూనే, గుమ్మం ముందున్న గరిక కోసి పంపింది.

సాయంత్రం దూది గెంతుతూ వచ్చింది. "అమ్మా, ఈరోజు నాకు క్యారేజీ వచ్చింది!"

"రోజూ పంపుతూనే ఉన్నాగా?"

దూది బిత్తరపోయింది. "నక్క మామయ్య ఖాళీ గిన్నె చూపించేవాడు. 'మీ అమ్మకి ఒంట్లో బాగాలేదు, అడిగి ఏడిపించకు' అన్నాడు. నీ కాళ్ళనిండా గాయాలు చూసి నిజమేననుకున్నా."

చెవులమ్మ పిల్లను హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు నక్క రాగానే బరువైన గిన్నె అందించింది. "నేనూ వస్తా పదన్నా. కాలు నొప్పి, నువ్వే మొయ్యాలి." దారంతా పక్కనే కుంటింది. నక్కకి మూత తీసే వీలు చిక్కలేదు.

బడిలో చెవులమ్మే గిన్నె తెరిచింది. గరిక, పొన్నగంటి ఆకు, తుమ్మి చిగుళ్ళు. దూది కడుపునిండా తింటుంటే నక్క గిన్నెలోకి తొంగి చూసింది.

"రేగుపళ్ళేవి చెల్లెమ్మా?"

"వాటి రుచి నా కూతురికి తెలియదన్నా. నీకే తెలుసు."

నక్క తోక ముడుచుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

నీతి: గిన్నె ఖాళీ అయిందని మురిసేముందు బిడ్డ కడుపు తడిమి చూసుకోవాలి.