ప్రార్థన వేళ నిద్ర

ఆ పిల్లని చూస్తేనే బ్రదర్ ఇన్నయ్యకి ఒళ్లు మండిపోయేది. మండదూ మరి! మిషన్ వాళ్ల ఆర్ట్స్ కాలేజీ అది. బి.ఏ. తప్ప మరో కోర్సు లేదు. అందరూ కలిపి మూడొందల మంది. ఏ మతం వాళ్లయినా సరే, పొద్దున్నే పది నిమిషాలు చాపెల్లో ప్రార్థనకి కూర్చోవాలి. ఆ పెత్తనం ఇన్నయ్యది. మనిషి మంచివాడే, క్రమశిక్షణ దగ్గర మాత్రం నిప్పు. అలాంటివాడి కళ్లెదుటే ఫస్టియర్ తిరుపతమ్మ రోజూ వెనక గోడకి ఆనుకుని హాయిగా నిద్రపోతోంది.

ఓ సోమవారం టి.సి. కాగితం రాసి, ప్రిన్సిపాల్ ఫాదర్ శౌరయ్య దగ్గరికి పట్టుకెళ్లాడు. ఇన్నయ్యకి చదువు చెప్పి ఇంతవాణ్ణి చేసింది ఆయనే.

"రెండుసార్లు చెప్పి చూశాను ఫాదర్. ఇక నావల్ల కాదు. పంపించేద్దాం."

"ఎందుకట అంత నిద్ర?"

"తెల్లారగట్ల మూడింటికే వాళ్లమ్మతో మల్లెమొగ్గలు కోయడానికి పోతుందట. అయితే మాత్రం? దేవుడికి పది నిమిషాలు ఇవ్వలేదా?"

ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల ఆమె. సంతకం పడిందా, చదువు అంతటితో సరి.

"ఇవాళ ప్రార్థన నేను చేయిస్తాలే. సంతకం సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు ఫాదర్.

చాపెల్లో మైకు ముందు నిలబడి ఫాదర్ అటూ ఇటూ చూశాడు. తిరుపతమ్మ అప్పటికే నిద్రలో ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. హార్మోనియం మాస్టారు పాట ఎత్తుకోబోతుంటే ఫాదర్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. మైకు కట్టేశాడు. పెదాల మీద వేలు పెట్టుకుని, మోకాళ్లు పట్టుకుంటూ నెమ్మదిగా నేలమీద కూర్చున్నాడు.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక్కి తిరిగి చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. పక్కనున్న పిల్ల జరిగి తిరుపతమ్మ తలకి తన భుజం ఇచ్చింది. మూడొందల మందీ ఊపిరి బిగబట్టినట్టు కూర్చున్నారు. పది నిమిషాలు గడిచాయి.

ఇన్నయ్య ఫాదర్ పక్కకి వంగి గుసగుసగా అన్నాడు.

"ఇవాళ ప్రార్థన జరగనే లేదు ఫాదర్."

"నాకు జరిగిందయ్యా. నీకు జరగలేదా?"

ఇన్నయ్య వెనక్కి తిరిగి ఆ పిల్ల మొహం చూశాడు. మొదటిసారి, కోపం లేకుండా.

బయట అటెండరు ఫస్ట్ పీరియడ్ గంట కొట్టబోతున్నాడు. ఇన్నయ్య పరుగున వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు.