ఆశమ్మ తెచ్చిన స్టాంపు

నలభై ఏళ్ల నౌకరీలో ఖలీలుల్లా నోట "తెలియదు" అన్న మాట ఎవరూ వినలేదు.

జిల్లా రికార్డు గదిలో పనిచేసి రిటైరయ్యాడాయన. పాత కాగితం మీద ఎలాంటి రెవెన్యూ స్టాంపు ఉన్నా, భూతద్దం పెట్టి చూసి అది ఏ సంస్థానానిదో, ఏ కాలం నాటిదో చెప్పేసేవాడు. ఆయన చీటీ రాసిస్తే తహసీలు ఆఫీసులో ఇంకెవర్నీ అడిగేవారు కాదు. గురువారం గురువారం మాత్రం ఊరి చివరి దర్గాకు వెళ్లి, అక్కడ ఉండే ముసలి గురువు హజ్రత్ బుర్హాన్ షా పాదాల దగ్గర కూర్చునేవాడు. అక్కడ కూడా ఆయనే ఎక్కువ మాట్లాడేవాడు.

ఒక సోమవారం ఆశమ్మ అనే ముసలామె ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పాత చీర ముక్కలో చుట్టిన కాగితం ఒకటి తీసి ముందు పెట్టింది.

"మా ముత్తవ్వ తవ్వించిన బాయి సారూ. ఊరంత ఆ నీళ్లే తాగుతరు. పక్క చేను కొన్నాయన కంచె ఏసిండు. ఈ కాయితం ఏ రాజుదో తెలిస్తే పాత దస్త్రం ఎతుకుతమంటుండ్రు ఆఫీసుల. జర చూడుండ్రి."

కాగితం మూలన ఇటుకరంగు స్టాంపు. అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి. మధ్యలో విచ్చుకున్న పువ్వు, దాని మీద నిలువుగా మూడు గీతలు, కిరీటంలాగా. పువ్వూ కిరీటమూ ఉన్న స్టాంపు ఏ సంస్థానానిదీ ఆయన చూసి ఎరగడు. తిప్పి చూశాడు. వెలుతురులో పెట్టి చూశాడు. అలవాటు కొద్దీ ఆ బొమ్మను గీత తప్పకుండా తన నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాడు.

ఆశమ్మ ఆయన ముఖంలోకే చూస్తోంది.

"ఇది నకిలీ," అన్నాడు ఖలీలుల్లా. ఆ మాటే చీటీ మీద రాసి సంతకం పెట్టాడు.

ఆశమ్మ వాదించలేదు. నకిలీ అన్న ఆ కాగితాన్నే, వచ్చేటప్పుడు ఎంత పదిలంగా తెచ్చిందో అంత పదిలంగా చుట్టుకుని, చీటీ పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ చుట్టుకోవడమే ఆయన కళ్లలో నిలిచిపోయింది. మూడు రోజులు అన్నం సయించలేదు. గురువారం హజ్రత్ ముందు కూర్చుని జరిగిందంతా చెప్పి నోటుపుస్తకం తెరిచాడు.

హజ్రత్ ఆ బొమ్మను కాసేపు చూశాడు. "నకిలీ అని ఎట్లా తెలిసింది, ఖలీల్ మియా?"

"నేనెప్పుడూ చూడలేదు హజ్రత్."

ఆ మాట పైకి అన్నాక గాని అందులో ఎంత డొల్ల ఉందో ఆయనకు వినబడలేదు.

"నీళ్లు తాగు," అంటూ హజ్రత్ కూజా ఎత్తాడు. ఖలీలుల్లా గ్లాసు కోసం అటూ ఇటూ చూశాడు. "చేతులున్నాయిగా," అన్నాడు హజ్రత్.

ఖలీలుల్లా వంగి దోసిలి పట్టాడు. కూజా మూతిలోంచి నీళ్లు ధారలుగా పడ్డాయి. పెదవులు తగలబోతుండగా హజ్రత్ అన్నాడు:

"అట్లనే ఉండు."

ఖలీలుల్లా కదల్లేదు. తన చేతులకేసి చూశాడు. విచ్చుకున్న వేళ్లు. వేళ్ల మధ్యకు నిలువుగా దిగుతున్న నీళ్లు.

"హజ్రత్... అది పువ్వు కాదు. కిరీటమూ కాదు." అన్నాడాయన. "దోసిలి."

దోసిలి అనగానే దోసిలికొండ గుర్తొచ్చింది. పదకొండు ఊళ్ల చిన్న సంస్థానం. తాతల నాడే పక్క సంస్థానంలో కలిసిపోయింది. రికార్డు గది వెనక బీరువాలో దాని కట్ట ఒకటుండాలి. ఏటేటా దుమ్ము దులిపించాడే గాని, ఆయన ఏనాడూ ముడి విప్పింది లేదు.

మర్నాడు ముందు తహసీలు ఆఫీసుకు వెళ్లాడు. తన చీటీ కిందే రాశాడు: "పైన రాసింది తప్పు. నాకు తెలియక రాశాను." గుమాస్తా ఆ ముక్క రెండుసార్లు చదివి, ఆయన ముఖంలోకి వింతగా చూశాడు. ఖలీలుల్లా తల దించుకోలేదు.

రెండు రోజులు వెతికితే కట్ట దొరికింది. దాంట్లో ప్రతి కాగితం మీదా అదే ఇటుకరంగు, అదే దోసిలి. తొమ్మిదో కాగితంలో ఆశమ్మ ముత్తవ్వ పేరు, బావి హద్దులు, మనుషులతోపాటు గొడ్లూ పక్షులూ ఆ నీళ్లు తాగవచ్చునన్న మాటా ఉన్నాయి. నెల తిరక్కుండా కంచె లేచిపోయింది.

తర్వాతి గురువారం ఆశమ్మ ఖలీలుల్లాను వెతుక్కుంటూ దర్గాకు వచ్చింది. ఖలీలుల్లా చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, చివరికి మనసులో ఉన్నది అడిగాడు.

"హజ్రత్, రాజు కదా! సింహమో కత్తో వేయించుకోవచ్చు. చేయిచాచే గుర్తు ఎందుకు పెట్టుకున్నాడు?"

హజ్రత్ ఆశమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు తల్లీ."

"మా దిక్కు వానలు తక్కువ బాబా," అంది ఆశమ్మ. "నీళ్లు తాగాలంటే రాజైనా వంగాల్సిందే గద."

ఖలీలుల్లా లేచి ఆమె ముందు చేతులు జోడించాడు. "అమ్మా, మీరు చేసిన మేలు మరిచిపోను."

ఆశమ్మ కంగారుపడి తానూ చేతులు జోడించింది. "అయ్యో, గా మాట నేననాలె సారూ! మీరిచ్చిందే గద!"

"లేదమ్మా, మీరే ఇచ్చారు."

హజ్రత్ ఇద్దరినీ చూసి చిన్నగా నవ్వాడు.

"ఇద్దరూ తీసుకున్నామనే అంటున్నారు," అన్నాడు. "మరి ఇచ్చిందెవరు?"

జోడించిన చేతులు ఇద్దరూ దించలేదు.