నలభై మాటల భాష

"లోకంలో నాకు రాని భాషంటూ లేదు!" అన్నాడు విదూషకుడు తిప్పన్న కొలువులో మీసం మెలేస్తూ. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. "ఎందుకంటే, నాకు రానివాటిని నేను భాషలుగా లెక్కచెయ్యను" అంటూ మెల్లిగా మీసం దించేశాడు.

ఆ కొలువే అలాంటిది మరి. రాజు మల్లభూపతికి ఓ వింత సరదా ఉండేది. ఎక్కడా లేని భాషల్ని సొంతంగా పుట్టించేవాళ్ళందరినీ పోగేసి కూటమి కట్టాడు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనాలు కాగానే అంతా చేరి, వేడివేడి గారెలు తింటూ, ఎవరి భాష వాళ్ళు మాట్లాడేవారు. తిప్పన్న భాష ఒక్క ముక్కా ఎవరికీ అర్థమయ్యేది కాదు గానీ, "ఏం గాంభీర్యం! ఏం నాదం!" అని తలలూపేవారు.

కూటమికి పెద్ద జటాధర భట్టు. తన 'దివ్యవాణి'లో పన్నెండు వేల మాటలున్నాయని అడక్కుండానే చెప్పేవాడు.

ఓ శుక్రవారం కూటమిలో చేరతానంటూ వకుళ వచ్చింది. సైన్యానికి కొత్తగా వచ్చిన దళవాయి భార్య, ఊరికి కొత్త.

"మా అక్కా నేనూ చిన్నప్పుడు పుట్టించుకున్న భాష, ప్రభూ. నలభై మాటలే. అందులో తొమ్మిది బద్ధకానికే."

"బద్ధకానికి తొమ్మిదా!"

"పక్కవాళ్ళు లేస్తారులే అనే బద్ధకానికి ఒకటి, లేచి మళ్ళీ పడుకునే బద్ధకానికి ఒకటి..."

"ఆ రెండోది నాకు నేర్పాలమ్మా" అన్నాడు రాజు ముందుకు వంగి.

భట్టు గొంతు సవరించుకున్నాడు. "నలభై మాటలా? మా ఇంటి చిలక్కి అంతకన్నా ఎక్కువొచ్చు! వెయ్యి మాటలు లేనిదే కూటమిలో చోటు లేదు."

"ఈ నియమం ఎప్పటిది భట్టుగారూ?" అన్నాడు తిప్పన్న.

"ఇప్పటిదే!"

వకుళ ముఖం చిన్నబోయింది. "ఈ ఊళ్ళో నాకెవరూ తెలీదు ప్రభూ. మా అక్క ఎక్కడో సముద్రం ఒడ్డున ఉంది. ఆ మాటలన్నీ గోడతో చెప్పుకుంటున్నాను. గోడ ఒక్కసారీ నవ్వలేదు."

రాజుకు జాలేసింది. కానీ కూటమిలో భట్టు మాటే చెల్లాలని శాసించింది తనే! తిప్పన్నను దగ్గరికి పిలిచాడు. "ఒరే, భట్టు నోటితోనే ఈమెను రమ్మనిపించు. ఈ ముత్యాల హారం నీది."

తిప్పన్న రాజు చెవిలో ఏదో ఊదాడు. రాజు పెదవి కొరుక్కుని నవ్వాపుకున్నాడు.

"వకుళమ్మగారూ, మీ ఇంటి మీదుగా వెళ్తూ వెళ్తూ మీ భాష కాస్త పట్టేశాను. ఇదిగో: డుబుక్కు తరికిట లంబాయి గుమ్మ! అర్థం చెప్పండి చూద్దాం."

వకుళ కాసేపు ఆలోచించింది. "ఇందులో ఒక్క మాటా మాది కాదండీ. నాకేం అర్థం కాలేదు."

భట్టు తొడ చరిచి నవ్వాడు. "చూశారా ప్రభూ! సొంత భాషే రానివాళ్ళకి కూటమెందుకు?"

తిప్పన్న నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, నా మతి మండ! అది ఆవిడ భాష కాదు. మీ వసారాలో విన్న దివ్యవాణి కదూ? మీరే చెప్పండి."

భట్టు నవ్వు సగంలో ఇరుక్కుంది. తెలీదంటే, ఇప్పుడే ఆమెను అన్న మాట తన మెడకే చుట్టుకుంటుంది!

"ఆఁ... అవునవును, దివ్యవాణే! పలకడం కాస్త మొరటుగా ఉంది గానీ... 'జటాధర భట్టు సభకు సూర్యుడు' అని అర్థం."

రాజు ఇక ఆగలేకపోయాడు. "భట్టూ, వీడు నా చెవిలో ఏమన్నాడో తెలుసా? 'నోటికొచ్చింది వాగబోతున్నాను ప్రభూ, నవ్వకండి' అన్నాడు!"

"అంటే... దివ్యవాణిలో... నోటికొచ్చినదానికి కూడా..." అని నసిగాడు భట్టు.

తిప్పన్న వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"పన్నెండు వేల మాటలున్న మీకు నా వాగుడంతా అర్థమైంది. నలభై మాటలున్న ఆవిడకి అర్థం కాలేదు. తనది ఏది కాదో తెలిసినవాళ్ళకే కదండీ, తమదంటూ ఒకటి ఉండేది!"

కొలువు గొల్లుమంది. భట్టు కాసేపు బిగుసుకు కూర్చున్నాడు గానీ, చివరికి తనకీ నవ్వాగలేదు. "నియమం ఎత్తేశాను. రా తల్లీ, నా పక్కనే కూర్చో. ముందా బద్ధకాలు చెప్పు."

హారం తిప్పన్న మెడలో పడింది. ఇక మిగిలింది కూటమి ఆచారం. పాతవాళ్ళంతా తమ తమ భాషల్లో కొత్తవాళ్ళకు స్వాగతం పలకాలి. భట్టు జాగ్రత్తగా రెండే రెండు మాటలు పలికాడు. మిగతావాళ్ళూ పలికారు. తిప్పన్న వంతొచ్చింది.

తిప్పన్న నోరు విప్పడే! వంటశాల వైపు పదేపదే తొంగిచూస్తున్నాడు.

"ఏమిట్రా ఆలస్యం?" అన్నాడు రాజు.

"గారెలు రానివ్వండి ప్రభూ."

"నీ భాషకీ గారెలకీ ఏమిట్రా సంబంధం?"

తిప్పన్న హారం ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కొలువులో అప్పుడే కిసకిసలు మొదలయ్యాయి.

"నాకు సొంత భాష లేదు ప్రభూ. ఇన్నాళ్ళూ నోటినిండా గారెలు కుక్కుకుని, తెలుగే మాట్లాడాను!"