మునసబు గారి సూది

మునసబు గారి మోటార్‌సైకిల్ నల్లటి పొగ కక్కుతోంది. "నువ్వే పాడుచేశావు" అని ఆయన మెకానిక్ అప్పలకొండ కొట్టుకు తాళం వేయించి, అతన్ని చావడికి పిలిపించాడు. కొట్టు మూతపడితే ఇంట్లో పొయ్యి వెలగదు.

అప్పలకొండ చావడి ముందే బండి కార్బురేటర్ విప్పాడు. పెట్రోలు వెళ్లే బుల్లి ఇత్తడి జెట్‌ను వెలుతురుకెత్తి చూశాడు. ఎవరో గెలికి కన్నం పెద్దది చేశారు. ఆ మాట పైకి అనలేదు.

"బాబూ, దీన్నింత శుభ్రం చేసిన చేతికి దండం పెట్టాలి."

"ఆ చెయ్యి నాదేరా!" ఊరంతా వింటుండగా మునసబు మీసం దువ్వాడు. "సూది పెట్టి తిప్పి తిప్పి తోమాను."

అప్పలకొండ తల వంచుకునే అన్నాడు. "ఆ సూదికే కన్నం పెద్దదై, పెట్రోలు ఎక్కువ పడి పొగొస్తోంది బాబూ. అరిగిన ఇత్తడి మళ్లీ పూడదు. కొత్త జెట్ వెయ్యాలి."

"అయితే వెయ్యి!"

"జెట్ నా కొట్లో ఉంది బాబూ. తాళంచెవి తమరి దగ్గరుంది."