మూడో పాట

డెరిక్‌కి సబ్బుబిళ్ళంటే ఒళ్ళుమంట. లండన్‌లో పేరుమోసిన ఫొటోగ్రాఫరు హాస్కిన్ దగ్గర శిష్యుడిగా చేరింది పాటగాళ్ళ బొమ్మలు తీద్దామని. గురువేమో ప్రకటనల కోసం సబ్బుబిళ్ళలకీ బిస్కెట్ డబ్బాలకీ లైట్లు పెట్టిస్తాడు. పెట్టినా ఓ పట్టాన నచ్చదాయనకి.

“కెమెరా నొక్కడంలో నా వేలంత చురుకైన వేలు ఈ ఊళ్ళో ఇంకొకడికి లేదు. నన్ను కచేరీలకి ఎప్పుడు పంపుతారు మాస్టారూ?” అని రోజూ నస.

చివరికి ఒక పత్రికవాళ్ళు పేరున్న గాయని రోసలిన్ వేర్ పాడుతుండగా తీసిన బొమ్మ కావాలన్నారు. ముఖచిత్రానికి. ఆ ఎడిటరు ఎప్పుడో తను తీసిన బొమ్మ వెనక్కి పంపాడని హాస్కిన్‌కి ఇప్పటికీ కోపమే. వాడికి నా చేత్తో తీసివ్వనన్నాడు. పని డెరిక్‌కి వచ్చింది.

“కుదిరితే ఇకమీదట కచేరీలు నీవి. కుదరకపోతే సబ్బుబిళ్ళలే. మళ్ళీ నా దగ్గర సణిగావో, ఊరుకోను.”

అక్కడి కచేరీల్లో ఒక కట్టుబాటుంది. ఫొటోల వాళ్ళు వేదిక ముందు నిలబడేది మూడు పాటల వరకే. తర్వాత ఎంతటివాడినైనా బయటికి గెంటేస్తారు.

కచేరీ రోజు హాస్కిన్ కూడా అలవాటుగా మెడలో కెమెరా వేసుకుని వచ్చి డెరిక్ పక్కన నిలబడ్డాడు. లైట్లు ఆరాయి. జనం ఒక్కసారిగా కేకపెట్టారు. డ్రమ్ములు మోగాయి, గిటార్లు లేచాయి, ఎర్రటి వెలుగులోకి రోసలిన్ పరుగెత్తుకొచ్చింది. డెరిక్ ఆమె ఎగిరితే కెమెరా నొక్కాడు, తిరిగితే నొక్కాడు, జుట్టు విదిలిస్తే నొక్కాడు. రీలు మీద రీలు ఎక్కించాడు. రెండో పాట అయ్యేసరికి తెచ్చుకున్న రీళ్ళన్నీ అయిపోయాయి.

“చూశారా మాస్టారూ! ఒక్కటీ వదల్లేదు!”

హాస్కిన్ అతని చెవిలో అరిచాడు. “ఏం పాడిందిరా?”

డెరిక్‌కి ఒక్క ముక్క గుర్తు లేదు.

మూడో పాట మొదలైంది. హాస్కిన్ తన మెడలోని కెమెరా తీసి శిష్యుడి మెడలో వేశాడు. డెరిక్ ఆత్రంగా కంటికెత్తబోయాడు. ముసలాయన అతని చెయ్యి కిందికి లాగి, ఎదురుగా ఉన్న ఇనప కమ్మీకి అరచెయ్యి ఆనించి, పైన తన చెయ్యి వేసి నొక్కిపట్టాడు.

“పాట అయిపోతోంది మాస్టారూ! వదలండి!”

వదల్లేదు.

కమ్మీ అదురుతోంది. డ్రమ్ము దెబ్బ అరచేతిలోంచి మోచేతికి, అక్కణ్ణించి రొమ్ములోకి ఎక్కింది. పక్కనున్న ఫొటోగ్రాఫర్లు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ నొక్కుతూనే ఉన్నారు. రోసలిన్ గొంతు పైకి లేచింది. ఇంకా పైకి. డెరిక్ చెయ్యి లాక్కోవడం మానేశాడు. ఆ గొంతు ఇక తెగిపోతుందనగా ఆగింది. డ్రమ్ములూ ఆగాయి. పక్కవాళ్ళు కెమెరాలు దించారు.

హాస్కిన్ చెయ్యి తీశాడు.

రోసలిన్ కళ్ళు తెరిచి, రొప్పుతూ, ఇంత పాడింది తనేనా అన్నట్టు నవ్వింది.

డెరిక్ ఒక్కసారి నొక్కాడు.

“బయటికి! పదండి, పదండి!” కాపలావాడు వీపు మీద చెయ్యేసి తోశాడు.

సందులో సన్నగా వాన పడుతోంది. డెరిక్ ఒళ్ళింకా అదురుతూనే ఉంది. హాస్కిన్ కోటు కాలరు పైకి లాక్కున్నాడు.

“రేపట్నుంచి కచేరీలు నువ్వే చూసుకో.”

“ఫిల్ము ఇంకా కడగనే లేదు మాస్టారూ! బొమ్మ ఎలా పడిందో చూడకుండానే...”

“అంతసేపూ నేను చూసింది నిన్నేరా” అన్నాడు హాస్కిన్.